అమృతాంజనం రాబడి, ఆంధ్రపత్రిక అచ్చు: నాగేశ్వరరావు పంతులు దాతృత్వం ఎలా నడిచింది?

క్లుప్తంగా: కాశీనాథుని నాగేశ్వరరావు (1867–1938) దాతగా, పత్రికాధిపతిగా, కాంగ్రెస్ నాయకుడిగా తెలుగువారికి తెలుసు. ఈ మూడు పాత్రలకూ ఒకే ఆర్థిక మూలం ఉంది. తలనొప్పి మందు మీద వచ్చిన రాబడి పత్రికకు దన్నుగా నిలిచింది. పత్రిక పాఠకులను, పండితులను, గ్రంథాలయాలను కూడగట్టింది. రాజకీయ పలుకుబడికి ఆ బలగమే పునాది. ఆయన ఉన్నంతకాలం ఈ ఏర్పాటు బాగానే నడిచింది. దాన్ని వ్యక్తికి అతీతమైన ధర్మసంస్థగా మార్చకపోవడం దాని ప్రధాన బలహీనత.

చర్చ మళ్లీ ఎందుకు వచ్చింది

ఆంధ్రప్రదేశ్‌కు మూడు రాజధానులన్న ప్రతిపాదన 2019 డిసెంబరులో బయటికి వచ్చినప్పటినుంచి శ్రీబాగ్ ఒప్పందం పేరు టీవీ చర్చల్లో నలుగుతూనే ఉంది. శ్రీబాగ్ అంటే మద్రాసులో నాగేశ్వరరావు ఇల్లు. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న అక్కడే ఒక అంగీకారానికి వచ్చారు. ఒప్పందంలోని షరతుల మీద ఎంతో చర్చ జరిగింది గానీ, రెండు ప్రాంతాల వారూ ఒక పత్రికాధిపతి ఇంట్లో కూర్చోవడానికి ఎందుకు ఒప్పుకున్నారన్న ప్రశ్న పెద్దగా రాలేదు.

ఆయన గురించిన సమాచారం ముక్కలుముక్కలుగా వ్యాపించడం దీనికి ఒక కారణం. పసుపురంగు బామ్ ప్రతి ఇంట్లో ఉంటుంది గానీ, దాని వెనక ఒక దినపత్రిక ఉండేదని ఈ తరంలో చాలామందికి తెలియదు. సాహిత్యం చదివేవారికి ‘భారతి’ మాసపత్రిక తెలుసు, దాని ఖర్చు ఎవరు పెట్టారో తెలియదు. ‘దేశోద్ధారక’, ‘విశ్వదాత’ అన్న బిరుదులు పేరుకు ముందు చేరి అసలు సంగతిని కొంత కప్పేశాయి కూడా. బిరుదు మనిషి గుణాన్ని చెబుతుందే తప్ప డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో, ఏ దారిన వెళ్లిందో చెప్పదు.

ముందు మందు, తర్వాత పత్రిక

నాగేశ్వరరావు 1867 మే 1న కృష్ణా జిల్లాలో పుట్టారు. వారిది ఎలకుర్రు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పట్టా పుచ్చుకుని, కొన్నాళ్లు కలకత్తాలో, తర్వాత బొంబాయిలో ఒక వర్తక సంస్థలో ఉద్యోగం చేశారు. ఆ రోజుల్లో ఇంగ్లిషు పట్టా ఉన్న తెలుగు యువకుడికి ఎదురుగా ఉన్న దారులు రెండే: సర్కారు కొలువు, లేదా వకీలు వృత్తి. ఆయన ఈ రెండూ కాకుండా వ్యాపారంలోకి వెళ్లారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు.

ఈ సరుకు లక్షణాలను కాస్త దగ్గరగా చూడాలి, తర్వాతి కథకు కీలకం ఇందులోనే ఉంది. నొప్పికి పైన రాసుకునే మందుకు డాక్టరు చీటీ అక్కర్లేదు. చిన్న సీసా, తక్కువ బరువు, ఎంత దూరమైనా పంపవచ్చు. తలనొప్పి కులం, మతం, భాష చూసి రాదు. సీసా అయిపోతే కొన్నవాడే మళ్లీ కొంటాడు. అలాంటి సరుకుకు అసలు ఖర్చు తయారీలో కంటే పేరు జనం నోట నానేలా చేయడంలో ఉంటుంది. సంగీత సభల్లో శ్రోతలకు ఉచితంగా పంచి దాన్ని పరిచయం చేశారని చెబుతారు. గంటల తరబడి కచేరీ విన్నవాళ్లకు తలనొప్పి మందు ఇవ్వడం, అడగని మేలుగా కనిపించే మంచి వ్యాపార ఎత్తుగడ!

ప్రపంచమంతటా పంతొమ్మిదో శతాబ్దపు పత్రికలకు పేటెంటు మందుల ప్రకటనలు పెద్ద ఆదాయం. మందుల వ్యాపారికి పత్రిక కావాలి, పత్రికకు మందుల వ్యాపారి కావాలి. మామూలుగా వీళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. నాగేశ్వరరావు విషయంలో ఒక్కరే అయ్యారు. అయితే పత్రిక పెట్టడానికి పదిహేనేళ్లు ఆగారు. ముందు రాబడి స్థిరపడింది, తర్వాతే పత్రిక వచ్చింది. ఉద్యమ వేడిలో పత్రిక పెట్టి, ఆనక డబ్బు కోసం వెతుక్కున్న సమకాలికులకూ ఆయనకూ తేడా ఈ వరుసలోనే ఉంది.

1908లో బొంబాయి నుంచి తెలుగు వారపత్రిక

ఆంధ్రపత్రిక వారపత్రికగా 1908 సెప్టెంబరు 9న బొంబాయిలో మొదలైంది. ఆ తేదీకి చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూస్తే ఆ పని ఎంత సాహసమో తెలుస్తుంది. బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా పుట్టిన వందేమాతరం ఉద్యమం 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటనతో రాజమండ్రి, బెజవాడ, బందరు దాకా వచ్చింది. అదే ఏడాది చివర సూరత్ కాంగ్రెస్ రభసగా ముగిసి, మితవాదులు, అతివాదులు విడిపోయారు. ఆ సభకు వెళ్లిన నాగేశ్వరరావుకు తెలుగు పత్రిక ఆలోచన అక్కడే బలపడింది. 1908 జులైలో బొంబాయి హైకోర్టు తిలక్‌కు రాజద్రోహం కింద ఆరేళ్ల శిక్ష వేసింది. మిల్లు కార్మికులు రోజుల తరబడి సమ్మె కట్టారు. ఆంధ్రదేశంలో ‘స్వరాజ్య’ వారపత్రికలో వచ్చిన ఒక వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్లిందీ ఆ సంవత్సరమే. ఇంత జరుగుతుండగా, తిలక్‌ను శిక్షించిన ఊళ్లోనే, ఆ శిక్ష పడి రెండు నెలలు కూడా తిరక్కుండా కొత్త తెలుగు పత్రిక వచ్చింది.

1910 ప్రెస్ చట్టం ఈ రంగాన్ని డబ్బున్నవాళ్ల ఆటగా మార్చేసింది. కొత్తగా పెట్టే ముద్రణాలయం 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు కట్టాలి. ప్రభుత్వానికి నచ్చనిది అచ్చువేస్తే ఆ ధరావతు జప్తు. మళ్లీ మొదలుపెట్టాలంటే 1,000 నుంచి 10,000 రూపాయలు కట్టాలి. చందాల మీదే బతికే చిన్న పత్రికకు ఒక్క జప్తు చాలు, తాళం వేయడానికి. వేరే రాబడి ఉన్న యజమానికి మాత్రం అది భరించదగ్గ నష్టం. చట్టం పెట్టినవారు ఊహించారో లేదో గానీ, ఈ ఏర్పాటులో నిలదొక్కుకోగల జాతీయవాద పత్రికలు సొంత వ్యాపారమో, గట్టి పోషకుడో ఉన్నవే.

వారపత్రిక దశలోనే ఉగాది సంచికల ఆనవాయితీ మొదలైంది. ఏడాదికోసారి వచ్చే ఆ పెద్ద సంచికలో సాహిత్యం, చరిత్ర, పరిశ్రమలు, శాస్త్రం కలగలిసి ఉండేవి. తర్వాతి కాలంలో తెలుగు పత్రికల ప్రత్యేక సంచికలకు అదే నమూనా అయింది. వ్యాపారపరంగానూ అది తెలివైన పని. పండగ సంచిక ఇంట్లో ఏడాది పొడవునా ఉంటుంది, అందులో పడిన ప్రకటన కూడా.

మద్రాసుకు తరలింపు, దినపత్రిక

బొంబాయిలో అచ్చయిన తెలుగు పత్రిక తెలుగు జిల్లాలకు చేరేసరికి వార్త పాతబడేది. వారపత్రికకు అది చెల్లుతుంది, దినపత్రికకు చెల్లదు. తెలుగు జిల్లాలకు అప్పటి పరిపాలన కేంద్రం మద్రాసు. గవర్నరు, శాసనమండలి, హైకోర్టు, విశ్వవిద్యాలయం, తంతి వార్తలు అన్నీ అక్కడే. సాయంత్రం రైలెక్కిన కట్ట కోస్తా జిల్లాల స్టేషన్లకు త్వరగా చేరుతుంది. 1914 ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికైంది.

మిగతా పని కాలం చేసింది. నాలుగు నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవు మీద గుళ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. జనం మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలారు. ఇంగ్లిషు రానివారికి రోజూ వార్త తెలియడం ఒక్కసారిగా అవసరంగా మారింది. అంతకుముందు తెలుగువారికి పత్రికలు లేవని కాదు, 1902 నుంచి బందరులో కృష్ణాపత్రిక ఉంది, 1907 నుంచి ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో దాని వ్యాసాలకు గొప్ప పేరూ ఉంది. కృష్ణాపత్రిక ఆలోచన నేర్పింది, ఆంధ్రపత్రిక రోజూ చదివే అలవాటు నేర్పింది. ఆ రెండో పనికి ఎక్కువ డబ్బు కావాలి. తంతి ఖర్చు, కాగితం, రాత్రిపూట కంపోజిటర్లు, రోజూ పట్టే తపాలా కట్టలు వారపత్రిక బడ్జెట్‌కు లొంగేవి కావు.

దానం ఎక్కువగా దేనికి వెళ్లింది

నాగేశ్వరరావు ఇంటి గుమ్మం తొక్కినవాడు ఉత్తచేతులతో వెళ్లలేదన్న కథలు చాలా ఉన్నాయి. విద్యార్థుల ఫీజులు, పండితులకు సంభావనలు, కార్యకర్తల కుటుంబాలకు సాయం ఈ కోవలోవి. ఇవి గుప్తదానాలు. రశీదు, పద్దు ఉండని ఇలాంటి సాయాన్ని కూడి మొత్తం తేల్చడం ఎవరివల్లా కాదు. విశ్లేషణకు దొరికేది రెండో రకం దానం, అంటే ఆయన డబ్బు పుస్తకాలుగా, సంచికలుగా మారి కళ్లముందు నిలిచిన భాగం.

అందులో ఒక వరుస కనిపిస్తుంది. మార్కెట్ తనంతట తాను పెట్టుబడి పెట్టని చోట్లకే ఆయన డబ్బు వెళ్లింది. 1911 జనగణన నాటికి దేశంలో చదవను రాయను వచ్చినవారు నూటికి ఆరుగురు. ఆ పరిస్థితిలో గంభీరమైన తెలుగు పుస్తకం వేస్తే నష్టం ఖాయం. 1924లో ఆయన మొదలుపెట్టిన సాహిత్య మాసపత్రిక ‘భారతి’ కథ, కవిత, విమర్శతోపాటు శాసనాలకు, చరిత్ర పరిశోధనకు, భాషా వివాదాలకు చోటిచ్చింది. విశ్వవిద్యాలయాల్లో తెలుగు పరిశోధన ఇంకా కాళ్లూనని రోజులవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడిందే 1926లో. శాసనం దొరికిన బడిపంతులు దాని గురించి రాసి పంపితే, దాన్ని ఖండించే పండితుడి వ్యాసం తర్వాతి నెల అదే పత్రికలో వచ్చే వీలుండేది. ఈనాడు పరిశోధన పత్రికలు చేసే పనిని ఒక మందుల వ్యాపారి సొమ్ము నడిపిందన్నమాట.

1926లో మొదలైన ఆంధ్ర గ్రంథమాల రెండో ఉదాహరణ. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి పీఠికతో ఆ మాలలో వచ్చింది. శైవ సాహిత్యాన్ని, ద్విపదను పండితులు చిన్నచూపు చూస్తున్న కాలంలో ఆ కావ్యం మంచి పరిష్కరణతో, సామాన్యుడు కొనగల ధరకు దొరకడం తెలుగు సాహిత్య చరిత్ర రాసే తీరునే మార్చింది. వ్యాపారదృష్టితో చూసే ప్రచురణకర్త పాఠ్యపుస్తకమో, పంచాంగమో వేసుకుంటాడు గానీ ఇటువైపు రాడు.

మూడోది విజ్ఞాన సర్వస్వం, ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ బయటపడే చోటు. కొమర్రాజు లక్ష్మణరావు తలకెత్తుకున్న ఆ బృహత్తర పని మూడు సంపుటాల దాకా వచ్చింది. మూడు సంపుటాలు వచ్చినా ‘అ’ అక్షరం దాటలేదు. 1923లో లక్ష్మణరావు మరణించారు. విజ్ఞాన సర్వస్వానికి ముందుగా పెట్టే ఖర్చు కొండంత, తిరిగొచ్చేది గోరంత. పైగా అంతా ఒక సంపాదకుడి బుర్రలో ఉంటుంది. నాగేశ్వరరావు ఆ పనిని చేపట్టి 1930లలో కొత్త సంపుటాలు తెచ్చారు. అయినా పని పూర్తికాలేదు. డబ్బు ఆగిన పనిని కదిలించగలిగింది, లక్ష్మణరావులాంటి సంపాదకుణ్ని మాత్రం మళ్లీ తేలేకపోయింది.

ఇక గ్రంథాలయాలు. ఆంధ్రపత్రిక దినపత్రికైన పది రోజుల్లో, 1914 ఏప్రిల్ 10న, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ముందుండి నడిపినవారు అయ్యంకి వెంకటరమణయ్య. తేదీలు అలా పక్కపక్కన పడడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, రెండింటి అవసరం ఒక్కటే. పల్లెలో గ్రంథాలయం అంటే తరచూ ఒక గది, ఒక బీరువా, తపాలాలో వచ్చే ఒక పత్రిక. అక్షరం వచ్చినవాడు బిగ్గరగా చదివితే రానివాళ్లు చుట్టూ చేరి వినేవారు. కాబట్టి చందాదారుల సంఖ్యను బట్టి ఆ పత్రిక పలుకుబడిని కొలవలేం. పల్లెకు వెళ్లే ఒక్క ప్రతి వెనక ఒక వీధి ఉండేది. ఉద్యమం 1935 నాటికి పాతూరి నాగభూషణం కాలువల మీద బోటు గ్రంథాలయం నడిపేదాకా వెళ్లింది. గ్రంథాలయాలకు నాగేశ్వరరావు పుస్తకాలు, పత్రికలు ఇవ్వడం దానమే, కాదనలేం. అదే సమయంలో అది రేపటి పాఠకుణ్ని తయారుచేసుకోవడం కూడా. దానానికీ పత్రిక ప్రయోజనానికీ గీత గీయడం ఇక్కడ కష్టం, గీయాల్సిన పని కూడా పెద్దగా లేదు.

నాలుగు పత్రికలు, నాలుగు దారులు

పాత్రికేయుడు ప్రజాసేవకు డబ్బు ఎలా సమకూర్చుకున్నాడన్న ప్రశ్నకు అదే కాలంలో వేర్వేరు జవాబులు దొరుకుతాయి.

టంగుటూరి ప్రకాశం బారిస్టరుగా బాగా గడించి, 1921లో ప్రాక్టీసు వదిలి మద్రాసులో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. రాబడి ఇచ్చే వృత్తిని వదిలేసి, ఖర్చు పెట్టించే పత్రికను పట్టుకున్నారు. పత్రిక ధాటి గొప్పది, ఉద్దండులైన పాత్రికేయులు అక్కడ తయారయ్యారు. జీతాలు మాత్రం కటకటే. అప్పులు పెరిగి 1930లలో మూతపడింది. ప్రకాశం ఆస్తి కూడా దాంతో హరించుకుపోయింది. త్యాగం పాలు చూస్తే ప్రకాశానిదే పైచేయి అనాలి. నిలిచిన కాలం చూస్తే లెక్క తిరగబడుతుంది. నాగేశ్వరరావు వ్యాపారం వదల్లేదు, అందువల్ల పత్రిక వదలాల్సిన పని రాలేదు.

నిజాం రాజ్యంలో సురవరం ప్రతాపరెడ్డి దారి వేరు. 1926లో హైదరాబాదులో మొదలైన గోలకొండ పత్రికకు సొంత వ్యాపారం వెన్నుదన్నుగా లేదు. చందాదారులు, నగర కొత్వాలు రాజబహద్దూర్ వెంకటరామారెడ్డిలాంటి పోషకులు దానికి ఆసరా. సభ పెట్టుకోవాలన్నా అనుమతి తీసుకోవాల్సిన రాజ్యంలో, పోషకుల్లో సర్కారు పెద్దలూ ఉన్నప్పుడు, రాసే ప్రతి వాక్యం ఆచితూచి రాయాలి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా ప్రతాపరెడ్డి 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అంతమంది కవుల వివరాలు, పద్యాలు సేకరించడం కేవలం డబ్బుతో అయ్యే పని కాదు, ఊరూరా పత్రికకున్న మనుషుల బలంతో అయింది. ఆంధ్రపత్రిక పెట్టుబడితో సాధించినదాన్ని గోలకొండ సంబంధాలతో సాధించిందని చెప్పవచ్చు.

నాలుగోది తెలుగుదేశానికి దూరంగా, లాహోరులో ఉంది. సర్దార్ దయాళ్‌సింగ్ మజీఠియా 1881లో ‘ట్రిబ్యూన్’ను వారపత్రికగా మొదలుపెట్టారు. ఆయనా సంపన్నుడే, ఆయనకూ పత్రిక, చదువు, గ్రంథాలయం మీదే ధ్యాస. 1898లో కన్నుమూశారు. కానీ వీలునామాలో పత్రికకు, కాలేజీకి, గ్రంథాలయానికి ట్రస్టులు రాసిపెట్టారు. దేశ విభజనలో లాహోరు పోయినా, ట్రిబ్యూన్ సిమ్లా, అంబాలాల మీదుగా చండీగఢ్ చేరి ఇప్పటికీ ట్రస్టు కిందే నడుస్తోంది. నాగేశ్వరరావుతో అన్నిటా పోలి, ఒక్క కాగితం దగ్గర తేడా వచ్చిన జీవితం అది.

మెచ్చుకోలులో కనబడని చిక్కులు

ఒకే మనిషి మందుల కంపెనీ యజమాని, దినపత్రిక యజమాని, సంపాదకుడు, ఏళ్లపాటు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘం అధ్యక్షుడు. ఇప్పటి కొలమానంతో చూస్తే ఇది ప్రయోజనాల ఘర్షణే. అప్పట్లో దాన్నెవరూ తప్పుగా చూడలేదు. వలస పాలనలో భారతీయ భాషా పత్రిక తటస్థంగా ఉంటుందని పాఠకుడు ఆశించలేదు, తన పక్షాన నిలబడుతుందని ఆశించాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో నాగేశ్వరరావు జైలుకు వెళ్లడం పత్రిక విశ్వసనీయతను పెంచిందే గాని తగ్గించలేదు.

అయితే ధర చెల్లించనిదేదీ ఉండదు. కాంగ్రెస్‌కు వెలుపల మద్రాసు రాష్ట్రంలో బలమైన రాజకీయాలు నడుస్తున్నాయి. 1920 నుంచి చాలాకాలం బ్రాహ్మణేతరుల పక్షమైన జస్టిస్ పార్టీ మంత్రివర్గాలు పాలించాయి. బ్రాహ్మణేతరుల వాదనకు, అణగారిన కులాల ప్రశ్నలకు, 1930లలో పుంజుకున్న రైతు, వామపక్ష ఉద్యమాలకు సొంత పత్రికలు వెతుక్కోవాల్సి వచ్చింది. రచయితకూ, పండితుడికీ, కార్యకర్తకూ ఒకే చేయి సాయం అందిస్తున్నప్పుడు ఆ చేతిని బహిరంగంగా విమర్శించేవారు తగ్గుతారు. ఇది ఆయన స్వభావం మీద నింద కాదు. ఏకవ్యక్తి పోషణ ఎక్కడున్నా దాని లక్షణమే అంత.

శ్రీబాగ్: పలుకుబడికి పరీక్ష

1937లో మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడింది. ఆంధ్ర రాష్ట్రం కోరే అవకాశం దగ్గరపడినట్టు కనిపించింది. రాయలసీమకు భయాలున్నాయి. నీళ్లు, చదువులు, ఉద్యోగాలు అన్నిటా కోస్తా ముందుంది, రాష్ట్రం వస్తే మద్రాసు పెత్తనం పోయి కోస్తా పెత్తనం వస్తుందన్నది వారి వాదన. కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు తదితరులు శ్రీబాగ్‌లో కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో వెనకబడిన జిల్లాలకు ముందు వాటా, శాసనసభ స్థానాల్లో న్యాయం, రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే మొదటి అవకాశం రాయలసీమకు. ఇవి ముఖ్యాంశాలు.

ఆ సమావేశానికి ఇల్లు ఇవ్వడం చిన్న సంగతిగా కనిపిస్తుంది. కానీ రెండు పక్షాలూ నమ్మి గడప తొక్కగల ఇల్లు అప్పట్లో ఎన్ని ఉన్నాయి? అది కోస్తాలో ఉన్న ఇల్లు కాదు, సీమలో ఉన్నదీ కాదు, మద్రాసులో ఉంది. యజమాని కోస్తావాడే అయినా ఆయన పత్రిక రెండు చోట్లకూ వెళుతోంది, సాయం రెండు చోట్లా అందింది. మంత్రి పదవి కోసం ఆయన ఎవరితోనూ పోటీలో లేరు. దశాబ్దాల దానం ఒక్క రోజు మధ్యవర్తిత్వంగా అక్కరకొచ్చిన సందర్భం అది.

ఒప్పందానికి చట్టబలం లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని కావడంలో దాని ప్రభావం ఉంది. హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 1956లో రాజధాని హైదరాబాదుకు మారాక ఆ ఏర్పాటు చెదిరింది. సంతకాలు చేసిన పెద్దల మాట మీద నిలిచే ఒప్పందాలకు ఈ ఇబ్బంది ఎప్పుడూ ఉంటుంది, పెద్దలు పోయాక మాటకు హామీ ఎవరన్నది తేలదు.

1938 తర్వాత

నాగేశ్వరరావు 1938 ఏప్రిల్ 11న మరణించారు. శ్రీబాగ్ సమావేశం జరిగి అప్పటికి అయిదు నెలలే. అదే ఏడాది ఆగస్టు 15న ఎక్స్‌ప్రెస్ సంస్థ నుంచి ఆంధ్రప్రభ వచ్చింది. ఆంధ్రపత్రికకు గట్టి పోటీ అప్పుడే మొదలైంది. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ పత్రికను, కంపెనీని దశాబ్దాలపాటు సమర్థంగా నడిపారు. 1972లో ఆయన పోయారు. 1974లో విశాఖపట్నంలో ఈనాడు మొదలై, ఎక్కడి పాఠకుడికి అక్కడే అచ్చువేసి తెల్లవారేసరికి గుమ్మంలో వేసే పద్ధతి తెచ్చింది. దానికి కావలసిన పెట్టుబడి పాతకాలపు పత్రికలకు అందనంత పెద్దది. 1991లో ఆంధ్రపత్రిక, భారతి ఆగిపోయాయి. అమృతాంజనం కంపెనీ ఇప్పటికీ స్టాక్ మార్కెట్‌లో ఉంది.

రాబడి నిలిచి, దాని మీద ఆధారపడిన ప్రజాకార్యం ఎందుకు ఆగిపోయింది? అమృతాంజనం 1936లో లిమిటెడ్ కంపెనీ అయింది. సరిగ్గా అదే ఏడాది ఇంగ్లండులో ‘మాంచెస్టర్ గార్డియన్’ యజమాని కుటుంబం తమ వాటాలను స్కాట్ ట్రస్టుకు రాసేసింది, వారసత్వ పన్నుకూ వాటాల అమ్మకానికీ పత్రిక బలికాకూడదని. లాహోరు ఉదాహరణ అంతకు నలభై ఏళ్ల ముందే ఉంది. కంపెనీ లాభంలో ఇంత వంతు పత్రికకో, గ్రంథమాలకో చెందుతుందని ఒక ట్రస్టు పత్రం ఉండి ఉంటే, వాటాదారులు మారినా ఆ బాధ్యత వెంట వచ్చేది. అది లేనప్పుడు పత్రికకు సర్దడం యజమాని ఇష్టం మీద ఆధారపడిన వ్యవహారమే. ట్రస్టు ఉన్నంత మాత్రాన ఆంధ్రపత్రిక 1980ల పోటీని తట్టుకునేదని చెప్పలేం. భారతిలాంటి తక్కువ ఖర్చు మాసపత్రికకు మాత్రం బతికే అవకాశం మెరుగ్గా ఉండేది.

ఇప్పటి చట్టం కొలతల్లో

తర్వాతి కాలంలో పత్రికల దాతృత్వం మరో రూపం తీసుకుంది. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఈనాడు పాఠకుల నుంచి విరాళాలు కూడగట్టి, రామకృష్ణ మిషన్ చేత పాలకాయతిప్పలో ఇళ్లు కట్టించింది. ఇక్కడ డబ్బు పాఠకుడిది, పత్రికది నమ్మకం, పిలుపు. సహాయనిధికి లెక్క ఉంటుంది, ఇచ్చినవారి పేర్లు అచ్చవుతాయి, కట్టిన ఇల్లు కనిపిస్తుంది. విపత్తు సాయానికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ఇరవై ఏళ్లు పట్టే నిఘంటువుకో, శాసనాల సేకరణకో ఇలా చందాలు రావు. కూలిన ఇంటి ఫొటో కదిలించినట్టు ఆగిపోయిన విజ్ఞాన సర్వస్వం ఎవరినీ కదిలించదు.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను వచ్చాక పెద్ద కంపెనీలకు దానం కొంతవరకు తప్పనిసరైంది. నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో దాటిన కంపెనీ గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. నాగేశ్వరరావు ఖర్చులను ఈ చట్టం పట్టికలో పెట్టి చూస్తే ఫలితం తమాషాగా ఉంటుంది. గ్రంథాలయాల స్థాపన అనుమతించిన జాబితాలో ఉంది, అది చెల్లుతుంది. విద్యార్థులకు ఇచ్చిన సాయం ఒక పథకం కింద, లెక్కాపత్రంతో ఇస్తే చెల్లుతుంది, గుమ్మం దగ్గర చేతిలో పెట్టింది చెల్లదు. ప్రాచీన కావ్యాల ప్రచురణ సంస్కృతి పరిరక్షణ కింద వాదించి నెగ్గవచ్చు. కాంగ్రెస్‌కు ఇచ్చింది చెల్లదు, రాజకీయ పార్టీ విరాళాలను నిబంధనలే మినహాయించాయి. ఆంధ్రపత్రికకు సర్దిన రూపాయి సొంత వ్యాపారపు ఖర్చు కిందికి వస్తుంది కాబట్టి, ఆ జాబితాలో దానికి చోటే లేదు.